తీసెయ్యని మూడో అధ్యాయం

"వంటమనిషి అన్న మాటకి ఒక అధ్యాయమా? కావాలంటే ఫుట్‌నోట్‌లో పెట్టుకోండి, స్నేహలత గారూ!"

"నా థీసిస్‌ల ఆమె మాట అడుగుకు పోదు, సార్."

"అయితే నా సంతకం ఉండదు."

అశోక్‌నగర్‌లో నేను పనిచేసే డీటీపీ సెంటర్ ముందు 2012లో విన్న గొడవ ఇది. అరిచినాయన ఆవిడ గైడు, ప్రొఫెసర్ సూర్యనారాయణమూర్తి. ఆయన సంతకం పెట్టకపోతే మూడేళ్ల పని మూలన పడుతుంది. ఆవిడ గొంతు మాత్రం పెరగలేదు.

స్నేహలత గారిది నల్లకుంట. నారాయణగూడలో ఒక కాలేజీలో పద్నాలుగేళ్లుగా ఫ్రెంచ్ చెబుతున్నారు. పిల్లలు మార్కుల కోసం ఆ భాష తీసుకుంటారు, పరీక్ష అయిన మర్నాడే మరిచిపోతారు. ఆవిడ దాన్ని పట్టుకుని, ఒకప్పుడు ఫ్రాన్స్ ఏలిన ఆఫ్రికా దేశాల ఆడవాళ్లు రాసిన నవలల దాకా వెళ్లారు; థీసిస్ వాటి మీదే. ఆదివారాలు చిక్కడపల్లిలో ఒక లేడీస్ హాస్టల్‌కు పోయి, గ్రూప్స్‌కు చదివే అమ్మాయిలకు ఆ నవలలు తెలుగులో చెప్పేవారు. వాళ్లేమన్నారో రాసుకునేవారు.

ఒక ఆదివారం కామెరూన్ దేశపు నవల ఒకటి చెప్పడం పూర్తయ్యాక, చిక్కుడుకాయలు తుంచుతున్న వంటమనిషి మాసమ్మ అడిగిందట: "కథ నిండ ఏడ్సుడేనా, మేడం? అన్నేండ్లల్ల ఆమె ఒక్కపారి గూడ నవ్వలేదా?"

అమ్మాయిలు పగలబడి నవ్వారు. స్నేహలత గారు ఇంటికెళ్లి నవలలన్నీ మళ్లీ తెరిచి, ఆడవాళ్లు నవ్విన చోట్లు వెతికారు. చాలా దొరికాయి. విమర్శకులెవరూ వాటి జోలికి పోలేదు. అదే మూడో అధ్యాయం.

ఇంజనీరింగ్ రెండో ఏట మానేసిన నాకు సాహిత్యమంటే ఒళ్లుమంట. "ఆ అధ్యాయం తీసేస్తే పోయేదేంది మేడం? పీహెచ్‌డీ అయితే వస్తది గద" అన్నాను.

"నువ్వు టైప్ చెయ్యి, క్రాంతీ. సలహాలు చెప్పెటోళ్లు మా ఇంట్ల శాన మంది ఉన్నరు."

గైడును మార్చుకున్నారు. కొత్త గైడు విజయశ్రీ గారు మొదటి నుంచీ రాయమన్నారు. ఇంకో రెండేళ్లు పోయాయి, పీహెచ్‌డీ చేతికి రాక ఆవిడకు రావాల్సిన ప్రమోషన్ జూనియర్‌కు పోయింది. ఆవిడ ఎర్ర సిరా దిద్దుబాట్లతో వచ్చేవారు, నేను తిట్టుకుంటూ టైపు కొట్టేవాణ్ని. మూడో అధ్యాయం ఇరవై పేజీల నుంచి నలభై అయింది.

2014 ఫిబ్రవరిలో వైవా తేదీ వచ్చింది. వైవాకు ఎవరైనా వచ్చి కూర్చోవచ్చు, ప్రశ్నలు అడగవచ్చు. పాత గైడు మూర్తి గారు వస్తున్నారని తెలిసింది. స్నేహలత గారు షాపుకొచ్చి, నా పక్కకు స్టూలు లాక్కుని కూర్చున్నారు.

"మాసమ్మ ముందు వరసల కూసోవాలె, క్రాంతీ. సార్ ఏమన్న అనేదుంటే ఆమె మొఖం జూసి అనాలె. కానీ హాస్టల్ల అరవై మందికి వంట ఉన్నది, రాను అంటున్నది. నీకు పప్పు, అన్నం వండొస్తది గద? ఆ ఒక్క పూట నువ్వు వండుతవా?"