సులోంగ్ మామ, దొంగపీత

క్రిస్మస్ ద్వీపపు జాతీయవనంలో ఏ వస్తువు పోయినా దొంగపీతే ఎత్తుకుపోయిందని తీర్పు చెప్పడం సులోంగ్ మామకు పుట్టుకతో అబ్బిన విద్య. కొబ్బరికాయలు చీల్చే ఆ భారీ పీతకు చెప్పులూ గిన్నెలూ ఈడ్చుకుపోయే అలవాటున్న మాట నిజమే. కాని, మామ దాని నెత్తిన మోపిన నేరాలు వింటే ఎంతటి కఠినాత్ముడికైనా ఆ ప్రాణి మీద జాలి పుట్టవలసిందే. వంటమనిషి రొకియా మాడబెట్టిన పెళ్లివారి డేగిసా, మసీదు తాళంచెవి, చివరికి హసన్ తాత కట్టుడుపళ్లు!

“పళ్లతో పీతకేం పని మామా?” అని అడిగాడు మేనల్లుడు సమద్.

“కొబ్బరి గట్టిగా ఉందేమోరా! దాని బాధ దానిది.”

మామ యాత్రికులకు అడవి చూపేవాడు. సమద్‌కు, ఎన్నో నెలల ఖాళీ తరువాత, ఆ వారమే బండి నడిపే పని దొరికింది. ఒక్క ఫిర్యాదు వస్తే యజమాని తాళాలు లాక్కుంటాడు.

ఎర్రపీతలు సముద్రానికి దిగే వానకాలమది. పక్షుల కోసం వచ్చిన హెస్టరమ్మ తన దుర్భిణిని సమద్ చేతికిచ్చి పొదలచాటుకు వెళ్లింది. దారినిండా పీతలు. సమద్ దుర్భిణిని నేలమీద పెట్టి, చీపురుతో వాటిని భక్తిగా పక్కకు తోసి, బండి కదిలించాడు. ఒక్క పీత కాలు విరగలేదు. దుర్భిణి మాత్రం పచ్చడైంది.

“మామా, నా పని అయిపోయింది!”

“నోరు మూసుకుని ఊడువు,” అంటూ మామ ముక్కలను లుంగీలో మూటగట్టాడు.

హెస్టరమ్మ తిరిగొచ్చింది. “నా దుర్భిణి ఏదీ?”

“ఏం చెప్పమంటారమ్మా! ఇంత పీత! మెడలో తగిలించుకుని మరీ చెట్టెక్కింది.”

సమద్ కళ్లు మూసుకున్నాడు.

“నిజంగానా? నా దుర్భిణినేనా? మా చెల్లెలు వింటే కుళ్లుకు చస్తుంది! ఏ చెట్టు?” అంటూ ఆమె ఖాళీ చెట్టును పదిసార్లు ఫొటో తీసుకుంది. మామ తన మెడలోని దుర్భిణి తీసి ఆమెకిచ్చేశాడు. ఆనాటినుంచి, దూరం ఆనక, ప్రతి కొంగనూ గద్ద అనే చూపించాడు.

సాయంత్రం సమద్ డేగిసా సంగతి కదిపితే రొకియా నవ్వింది. “ఏరా, నన్ను కాపాడిన పీత నీదాకా వచ్చిందా?”

మరునాడు మామ సముద్రస్నానం ముగించి వచ్చేసరికి ఒక చెప్పు లేదు.

“నా చెప్పేదిరా?”

“దొంగపీత మామా! అదుగో, ఆ చెట్టుమీద!”

మామ తల కూడా తిప్పలేదు. “ఎవడికి చెబుతావురా కథలు? నువ్వే పారేసి ఉంటావు. పోనీలే, భయపడకు,” అని అల్లుడి భుజం తట్టి, ఒంటిచెప్పుతో కుంటుతూ బండెక్కాడు.

పైన కొమ్మమీద దొంగపీత అప్పటికే చెప్పు పట్టీ నమలడం మొదలుపెట్టింది.