బొగ్గుగీత పెట్టిన గుడ్లు

పుంగనూరు సూపర్ మార్కెట్‌లో గుడ్ల పెట్టె మీద ‘ఫార్మ్ ఫ్రెష్’ అని అచ్చేస్తారు. పగలగొడితే పాలిపోయిన సొన, పైగా ఒక వాసన. ఎన్నాళ్ల కిందటి తాజా అని అడిగితే జవాబు చెప్పే దిక్కుండదు. ఆ పెట్టె చూసినప్పుడల్లా మా వీధికి నాటుగుడ్లు తెచ్చి అమ్మిన ముసలామె గుర్తొస్తుంది.

పొదిగించడానికి ఎంచుకున్న గుడ్ల మీద ఆమె బొగ్గుతో గీత పెట్టేది. ఎవరు బతిమాలినా “అవి కోడివప్పా, అమ్మేటివి కాదు” అనేది.

ఒకసారి టైఫాయిడ్ తగ్గినా మా ఆవిడకు తిండి సహించలేదు. మంచం దిగే సత్తువ లేదు. అంగడి గుడ్డయితే వాసనకే కక్కేసింది. నాటుగుడ్ల కోసం పక్కూళ్లో ఉన్న ఆ ముసలామె ఇంటికే వెళ్లాను. గంపలో గీత పెట్టినవే ఉన్నాయి. పక్కనే పొదుగుకోడి కొరకొరా చూస్తోంది. మా ఆవిడ సంగతి చెప్పి, గుడ్లు అడగకుండా గడపలోనే నిలబడ్డాను.

“యాల అట్ల నిలబడుకోనుండావు? ఇంకా కోడి కింద పెట్టలేదులే. ముందు మీ ఆడమనిషి లేయాల. ఇది నన్ను తిట్టుకుంటే తిట్టుకోనీ” అంటూ కొంగుతో గీతలు తుడిచి నా సంచిలో పెట్టింది.

ఆ సాయంత్రం మా ఆవిడ ఉడికిన గుడ్డు సగం తిని, “మిరియాలపొడి యాడ?” అని నన్ను కసిరింది. ఆ కసురు వినగానే ముసలామె ఊరి దిక్కుకు తిరిగి చేతులెత్తి మొక్కాను.