థిన్నర్ డ్రమ్ముకు దిష్టి

ఇది నేను అగ్నిదేవుడితో ముఖాముఖి తలపడిన మహాకావ్యం. కుప్పం దద్దరిల్లింది, మదనపల్లె దాకా పొగ కనిపించింది అని రాద్దామనే కూర్చున్నాను. అంత లేదు. ఒక మసిగుడ్డ కాలింది. పొగ గేటు కూడా దాటలేదు.

కుప్పం పక్కన ఒక గ్రానైట్ పాలిష్ షెడ్డులో నా ఉద్యోగం. రాతిపలకల్లో పగుళ్లు ఎక్కడున్నాయో చూసి చెప్పాలి. పగుళ్లకు రెసిన్ జిగురు పూసే ముందు పలకను థిన్నర్‌తో తుడుస్తారు. తుడిచేది పుంగనూరు వైపు నుంచి వచ్చిన ఒక అక్క. థిన్నర్ డ్రమ్ము ఆమె వీపు వెనకే ఉండేది, చెయ్యి చాపితే అందేంత దగ్గర. మూత ఎప్పుడో పోయింది. దాని బదులు ఒక రాయి ముక్క పెట్టారు. ఆ కంపుకు మధ్యాహ్నం సంగటి కూడా పెయింటు రుచే. డ్రమ్ములోంచి థిన్నర్ తీయాలంటే పైపు నోట్లో పెట్టి పీలుస్తారు, నోట్లోకి వచ్చింది తుపుక్కున ఉమ్ముతారు. అదీ అందరూ నడిచే చోటే. ఆ మీదట బెల్లంముక్క నములుతారు. బెల్లం తింటే విషం దిగిపోతుందట. ఎక్కడికి దిగుతుందో మాత్రం ఎవరూ చెప్పరు. మంటలార్పే ఎర్ర సిలిండరు లేదా అంటే, ఉంది. దాని పిడికి టిఫిన్ సంచులు వేలాడుతుంటాయి.

ఇదంతా ఒక ఎత్తు, అమావాస్య ఒక ఎత్తు. ఆ రోజు మేనేజరు గుమ్మడికాయ మీద కర్పూరం వెలిగించి ఒక్కో మిషనుకూ దిష్టి తీస్తాడు. ఆయుధపూజకు ఎవరో పుణ్యాత్ముడు డ్రమ్ముకు కూడా పసుపూ కుంకుమా పెట్టాడు. బొట్టు పెట్టాక అదీ మిషనే. దాని చుట్టూ కూడా కర్పూరం తిప్పాల్సిందే.

"సార్, అది భగ్గుమనే సరుకు. బయట పెట్టిద్దాం" అన్నాను.

"దాన్ని కదిలించాలంటే క్రేను కావల్లప్పా. ఉండే క్రేను పలకలకే సాలడంల్యా."

"పోనీ, కర్పూరమైనా దాని దగ్గరికి తేవద్దు సార్."

"అన్నిటికీ తీసి దానికొక్కదానికి తీయకుంటే దిష్టంతా యాడికి పోతాది? దాని మీదికే గదా! ఇన్నేండ్లుగా ఏమన్నా అయ్యిందా?"

ఇంత శాస్త్రం నేను చదవలేదు.

"దాని సంగతి సరే. మంటొస్తే మొదుట కాలేది నా ఈపేప్పా" అంది అక్క. అందరూ నవ్వారు. ఆమె నవ్వలేదు.

పోయిన అమావాస్యకు గుమ్మడికాయ డ్రమ్ము దగ్గరికొచ్చింది. మేనేజరు భక్తిగా తిప్పాడు. రెండో చుట్టులో మండే కర్పూరం బిళ్ల జారి, అక్క కాళ్ల దగ్గరున్న థిన్నర్ గుడ్డ మీద పడింది. గుడ్డ భగ్గుమంది. ఆమె చేత్తో లాగి డ్రమ్ముకు దూరంగా విసిరింది. నేను బకెట్‌లోని తడి రాతిబురద దాని మీద గుమ్మరించాను. వీరత్వం ఏమీ లేదు, బకెట్ నా కాలి దగ్గరే ఉంది.

అక్క ముంజేతి మీద చర్మం పొంగింది. ఆమె చెయ్యి కొళాయి కింద పెట్టుకుని పళ్లు బిగబట్టి నిలబడితే, మేనేజరు మిగిలిన మిషన్లకు తిప్పడం పూర్తిచేశాడు.

"సూసినారా, ఎంత దిష్టి ఉండాదో! అంతా ఆ మంటలో పోయింది" అని గేటు దగ్గర కాయ పగలగొట్టాడు.

అక్క కొళాయి కట్టేసి వచ్చింది. "డ్రమ్ము ఆడుంటే నేను ఈడ నిలబడేది లేదు. అంత నమ్మకముంటే నీ కుర్చీ తెచ్చి దాని పక్కన ఏసుకోప్పా."

మేనేజరు తన కుర్చీ వైపు చూశాడు. డ్రమ్ము వైపు చూశాడు. "క్రేను..." అన్నాడు, కాస్త మెల్లగా.

లోడింగు వాళ్లు ఇద్దరొచ్చారు. రాయి తీసి, ఖాళీ డ్రమ్ము బిరడా ఒకటి తెచ్చి నోటికి బిగించి, డ్రమ్మును వంచి, అంచు మీద తిప్పుకుంటూ బయటి రేకుల కొట్టంలో పెట్టేశారు. టీ చల్లారేలోపు అయిపోయింది. నిండు డ్రమ్మును కదిలించడానికి క్రేను అక్కర్లేదు, ఇద్దరు మనుషులు చాలు.