అర్లీన్ అత్త మళ్ళీ పార్టీ మారింది

అర్లీన్ ఫెన్‌స్టర్‌మాకర్ ఏటా పార్టీ మారుతుంది. వసంతం రాగానే అందరూ కిటికీలు కడుక్కుంటే, ఈవిడ కౌంటీ ఆఫీసుకి ఫారం నింపి పంపుతుంది. నిరుడు రిపబ్లికన్ అయితే ఈ ఏడు డెమొక్రాట్. మా పెన్సిల్వేనియాలో ఏ పార్టీలో పేరుంటే ఆ పార్టీ ప్రైమరీలోనే, అంటే పార్టీ తన అభ్యర్థిని ఎంచుకునే ఎన్నికలోనే, ఓటు. మా ఊరు కెట్నర్ గ్యాప్‌లో మిగతావాళ్ళం ఏ పార్టీలో పుడితే ఆ పార్టీలోనే పోతాం.

ఊరందరికీ ఆవిడ అర్లీన్ అత్త. వయసు ఎనభై ఒకటి. ఆవిడ వీధిలో ముప్పై ఏళ్ళు ఉత్తరాలు పంచినవాణ్ణి నేను. ఆవిడకి మోసినన్ని పార్టీ స్వాగత పత్రాలు ఇంకెవరికీ మోయలేదు.

"అత్తా, ఈసారెందుకు మారావు?"

"రిపబ్లికన్ల మీటింగులో కాఫీ ఉత్త నీళ్ళురా ఎల్వుడ్."

మరుసటేడు, "డెమొక్రాట్ల కుర్చీలకి మెత్తలుండవు. నా నడుం ఏమైపోవాలి?"

ఇంకో ఏడు పార్టీ పంచిన కేలండర్‌లో ఏప్రిల్ బొమ్మ నచ్చలేదంది. చివరికి రెండు పార్టీలవాళ్ళూ తమ జాబితాల్లో ఆవిడ పేరొక్కటే పెన్సిల్‌తో రాసుకోవడం మొదలెట్టారు.

నిరుడు నేను రిటైరయ్యాను. ఊరికే కూర్చోలేక ఈ ఏడు డెమొక్రాట్ల తరఫున టౌన్ కౌన్సిల్‌కి నిలబడ్డాను. మా ఆవిడ వెర్నా తరతరాల రిపబ్లికన్.

"ఒక్క నెల మా పార్టీలోకి మారవే," అన్నాను.

"నీకోసం వంట చేస్తాను. పార్టీ మారమంటే మా నాన్న సమాధిలోంచి లేచొస్తాడు," అంది.

ప్రైమరీలో నాకు పోటీ డేల్ హోస్టెటర్. పిల్లల పుట్టినరోజులకి ఫైరింజన్ తోలుకొచ్చే మనిషి. ఆయన మీద నిలబడటమంటే క్రిస్మస్ తాత మీద నిలబడటమే. నామినేషన్‌కి సంతకాలు పెట్టిన పదిమందీ నా డోనట్లు తిని, "డేల్ మంచివాడు," అనుకుంటూ వెళ్ళారు.

ఈ ఏడు అత్త డెమొక్రాట్‌గా మారింది. ఆశపడి పరిగెత్తాను.

"నీ ఓటు నాకేగా అత్తా?"

"నీకా? ముప్పై ఏళ్ళు నా ఉత్తరాలు పక్కనున్న క్రౌథామెల్ వాళ్ళింట్లో పడేసినవాడికా?"

ఓడిపోతానని తెలుసు. నా భయమల్లా సున్నా గురించే. సున్నా వస్తే ఊళ్ళో తలెత్తుకోలేను. నా ఓటు నాకుంది కదా అని ధైర్యం తెచ్చుకుని, పోస్టల్ బ్యాలెట్ నింపి, కవరు మీద సంతకం చేసి, తేదీ వేసి, వారం ముందే పోస్టు చేశాను.

ఫలితాలొచ్చాయి. హోస్టెటర్‌కి నూట పన్నెండు. నాకు ఒకటి.

"ఎల్వుడ్, మీ ఓటరు కులాసానా?" అని మంగలి షాపులో పలకరింపు. నేనూ నవ్వాను. సున్నా కాదు కదా, అదే పదివేలు.

గురువారం కౌంటీ నుంచి ఉత్తరం వచ్చింది. బ్యాలెట్‌ని రహస్యం కోసమిచ్చిన లోపలి కవరులో పెట్టకుండా పైకవరులోనే పంపాను కాబట్టి నా ఓటు చెల్లలేదట. ముప్పై ఏళ్ళు కవర్లు మోసినవాణ్ణి! వెర్నా నవ్వి నవ్వి నేలమీద కూలబడింది. ఉన్నట్టుండి నవ్వు ఆపేసింది.

"అయితే ఆ ఒక్క ఓటూ ఎవరిది?"

ఇద్దరం ఆలోచించాం.

"చెప్పులు కుట్టే మార్విన్ నిలబడ్డప్పుడు ఎన్నొచ్చాయి?" అంది.

"ఒకటి. పాపం, ఆ నెలంతా ఆసుపత్రిలో ఉండి తన ఓటు కూడా వేసుకోలేదు."

"ఏ పార్టీ?"

"రిపబ్లికన్."

"ఆ ఏడు అత్త ఏ పార్టీ?"

ఆ ఏడు ఆవిడకి రిపబ్లికన్ల స్వాగత పత్రం అందించింది నేనే.

వెర్నా చేసిన ఆపిల్ పై పట్టుకుని అత్త ఇంటికి వెళ్ళాను.

"నువ్వేనా అత్తా?"

"ఓటు రహస్యంరా. ఆ మాత్రం తెలీదూ?"

ఆపిల్ పై కోస్తూ తనే మళ్ళీ అంది, "పెళ్ళైన కొత్తలో స్కూలు బోర్డుకి నిలబడ్డాను. నాకు నేనే వేసుకోవడానికి సిగ్గేసింది. సున్నా వచ్చింది. నెల్రోజులు బజారుకెళ్ళలేదు. అలాంటి అవస్థ ఎవరికీ రాకూడదు."

ఆవిడంటే నాకు అంత ప్రేమ ఎప్పుడూ కలగలేదు.

"నామీద అంత నమ్మకమా అత్తా?"

"నమ్మకమా?" అత్త నా ప్లేటులో పెద్ద ముక్క పెట్టింది. "నువ్వు గెలుస్తావని ఏ కాస్త అనుమానమున్నా వేసేదాన్నే కాదు."