తీశానని చెప్పిన బ్యాకప్

ఆ శీతకాలమంతా మా వదినగారు మయూర్ విహార్‌లోని మా బాల్కనీలో ఎండకు కూర్చుని, బఠాణీలు ఒలుస్తూ పెళ్లిపాటలు పాడేవారు. తలుపుదగ్గర పాటలు, అప్పగింతల పాటలు, అన్నీ మా అమ్మవద్ద ఆమె నేర్చినవే. నేను వాటిని కాగితాలపై రాసుకొని, అల్లుడిచ్చిన పాత లాప్‌టాప్‌లో ఎక్కించి, కాగితాలు చించివేశాను. శుద్ధప్రతి సిద్ధమైన పిమ్మట చిత్తుప్రతి మిగలరాదన్నది మా గురువులు నేర్పిన నియమం. కళాశాలలో తెలుగు బోధించినంత కాలమూ దానిని నేను తప్పలేదు.

ఆ లాప్‌టాప్‌లో అల్లుడు కొత్త ఆపరేటింగ్ సిస్టమ్ వేయించాడు. ఆ భారాన్ని పాత యంత్రం మోయలేకపోయింది. ఒక మీట నొక్కి, కళ్లద్దాలు తుడుచుకొని చూసేసరికి అక్షరం పడేది. మా పై అంతస్తులో గుర్‌గావ్ కంపెనీలో పనిచేసే తెలుగమ్మాయి ఉండేది. ఒక ఆదివారం ఆమె సీడీ తీసుకొని వచ్చింది.

"పాత సిస్టమే మళ్లీ వేసేస్తాను మాస్టారూ. డిస్కు మొత్తం తుడిచెయ్యాలి. బ్యాకప్ తీశారు కదా?"

ఆ మాటకు అర్థం, ఉన్నవాటికి మరో ప్రతి వేరేచోట దాచుకోవడమని, అప్పటికి నాకు తెలియదు. తెలియదనడానికి నోరు రాలేదు.

"తీశానమ్మా."

"అన్నీనా?"

"అన్నీ."

సాయంత్రానికి యంత్రం చురుకుగా లేచింది. పాటలు మాత్రం లేవు. అమ్మాయి మళ్లీ దిగివచ్చి, తనకు తెలిసిన ఉపాయాలన్నీ ప్రయత్నించి, తల వంచుకొంది.

"సారీ మాస్టారూ. మీ బ్యాకప్ సరిగ్గా వచ్చిందో లేదో నేనే ఒకసారి చూడాల్సింది."

"పోనీలేమ్మా" అన్నాను. క్షమాపణ చెప్పవలసినవాడిని, క్షమించినవాడిలా కూర్చున్నాను.

"అంత పెద్ద ఉద్యోగం చేసే పిల్ల, ఆమాత్రం చూసుకోదూ?" అన్నారు వదినగారు. నేను ఊరకున్నాను. ఆపైన అమ్మాయి మెట్లమీద ఎదురై నమస్కరిస్తే ఆమె ముఖం తిప్పుకొనేవారు. అప్పుడూ ఊరకున్నాను.

వదినగారు పాటలు మళ్లీ మొదలుపెట్టారు. అప్పగింతల పాట మూడవ చరణం దగ్గర గొంతు ఆగింది. ఎంతసేపటికీ తరువాతి మాటలు గుర్తు రాలేదు.

"నువ్వు రాసిపెట్టావుగా అన్న ధీమాతో నేను వదిలేశాను నాయనా" అన్నారు.

ఇక దాచలేకపోయాను. "ఆ అమ్మాయి తప్పేమీ లేదు వదినా. బ్యాకప్ అంటే ఏమిటో నాకు తెలియదు. తీశానని అబద్ధమాడాను."

ఆమె బఠాణీల పళ్లెం పక్కకు జరిపారు. "ఏమోయ్ పండితుడా, నాకు చెబుతావేం? ఆ పిల్లను చూసి ఇన్నాళ్లూ మొహం తిప్పుకున్నదాన్ని నేను. ముందు పైకి వెళ్లి చెప్పిరా."

వెళ్లాను. తలుపు తీసిన అమ్మాయి మెడలో ఆఫీసు కార్డు ఇంకా వేలాడుతోంది. జరిగింది జరిగినట్లు చెప్పాను. ఆమె కోపగించుకొని ఉంటే బాగుండేది.

"నేను సారీ చెప్పినప్పుడైనా ఒక్క మాట అనాల్సింది మాస్టారూ. ఆఫీసులో కూడా అదే ఆలోచిస్తూ కూర్చున్నాను" అంది. తరువాత లోపలికి రమ్మంది.

గుమ్మం దాటడానికి నాకు కాళ్లు రాలేదు.