ఫొటో పడేదాకా వదలకండి

అమలాపురంలో ఒక బట్టల కొట్టాయన ఎవరికి ఏమిచ్చినా ఫొటో పడేదాకా చెయ్యి తీసేవారు కాదు. దుప్పటైనా, బియ్యం సంచైనా ఒక కొస ఆయనే పట్టుకునేవారు.

"ప్రకటనకైతే డబ్బులు కట్టాలండి. వార్తయితే ఊరికే వేస్తారు కదండీ," అని విలేకరినైన నాతోనే దాపరికం లేకుండా అనేవారు.

మొన్నటి వరదకి ఐ.పోలవరం దగ్గర గోదావరి లంకకి అందరికన్నా ముందు పడవలో వెళ్లింది కూడా ఆయనే. కొట్టు పేరున్న బ్యానరు పడవకి కట్టించి, నన్ను వెంటబెట్టుకెళ్లారు. గట్టు మీదున్న ఒక ముసలావిడకి బియ్యం సంచి అందించి, "వదలకండి మామ్మగారూ, ఇటు చూడండి," అన్నారు. ఇద్దరూ నా వైపు చూశారు. నేను ఫొటో తీశాను. ఇంతలో పడవ జరిగింది. ఆయన వదల్లేదు, వదలొద్దన్నారు గనక ఆవిడా వదల్లేదు. నడుం లోతు నీళ్లలో పడిపోయింది.

ఆయన తెల్లబట్టలతోనే దూకి ఆవిణ్ణి లేవదీశారు. వణుకుతూ ఆవిడ నన్నడిగింది: "నా వల్ల ఫొటో పాడైపోయిందా బాబూ?"

"లేదండి, బాగా వచ్చింది," అన్నాను.

మర్నాడు పేపర్లో వచ్చింది ఆ ఫొటోనే. ఆయన దూకడం మాత్రం నేను తీయలేదు. బ్యానరు అప్పటికే ఫొటోలో పడకుండా పక్కకి పోయింది.