అనుమానం మీద లాంచీ

రేవులో చేపల ఇన్‌స్పెక్టరుగారికి ఉన్న జబ్బు ఒక్కటే: అనుమానం. పొద్దున్నే అద్దంలో తన మొహం చూసుకుని కూడా, వీణ్ణి అంత తేలిగ్గా వదలకూడదన్నట్టు కళ్లు చికిలించే మనిషి. రేవు జనం ఆయన్ని 'డౌటుగారు' అనేవాళ్లు. మొహం మీదే అనేవాళ్లు. ఆ 'గారు'లో కూడా ఏదో తిరకాసు ఉందని ఆయన అనుమానం.

ఇంట్లోనూ అంతే. "పెళ్లికి అడగ్గానే సరేనన్నానట. ఇంత తేలిగ్గా ఒప్పుకుందంటే ఏదో ఉందని ఇప్పటికీ ఆరా తీస్తున్నారు" అని ఆయన భార్య వచ్చినవాళ్లందరికీ చెప్పి నవ్వేది.

సాయంత్రం పడవలు తిరిగొచ్చే వేళకి ఆయన గట్టు చివర తయారు. ఒక్క పడవనీ వదిలేవారు కాదు.

"ఆగు! అడుగున పట్టకూడని పిల్ల చేపలు దాచావు."

"అడుగున ఐసుంది సార్."

"ఐసు కింద?"

"చెక్క."

"చెక్క కింద?"

"సముద్రం సార్. తియ్యమంటారా?"

"దాని సంగతి తర్వాత చూస్తాను. పో!"

అలాంటి రేవులో హెడ్డాఫీసు నుంచి లా ఆఫీసరమ్మ దిగింది. చిన్న వయసు, చురుకైన బుర్ర. మన చేపల సంరక్షణ చట్టం తాతల నాటిది. దాన్ని అంతర్జాతీయ పర్యావరణ ప్రమాణాలకు తగ్గట్టు మార్చకపోతే మన చేపని బయటి దేశాలు కొనేలా లేవు. ఏ నిబంధన ఉంచాలో, ఏది కొట్టెయ్యాలో రేవులోనే కూర్చుని తేల్చమని ఆమెని పంపారు.

వల కన్ను ఎంత ఉండాలి, గుడ్లు పెట్టే కాలంలో వేట ఎప్పుడు ఆపాలి, ఇవన్నీ చకచకా తేలిపోయాయి. ఒక్కచోట ఆమె పెన్ను ఆగింది. 'నేరం జరుగుతున్నదని ఇన్‌స్పెక్టరుకు అనుమానం కలిగినచో గస్తీ లాంచీని పంపవచ్చును.'

అనుమానం కలిగితే చాలా? కొత్త ప్రమాణాల ప్రకారం ఆధారం ఉండాలి. పైగా ఆ అధికారం ఎవరి చేతిలో ఉంది! ఆమె లాంచీ డ్రైవర్ని పిలిచి అడిగింది.

"లాంచీ తరచూ వెళ్తుందా?"

"గాలి ఎక్కువైతే చాలండీ, ఆయనకి అనుమానం మొదలవుతుంది."

"వెళ్లి?"

"పడవని పట్టుకొస్తామండీ."

"మరి కేసులు?"

"కేసులాండీ?" అని అతను బుర్ర గోక్కున్నాడు. "కేసంటూ ఎప్పుడూ పెట్టలేదండీ."

పట్టుకొస్తారు, వదిలేస్తారు. అంటే మధ్యలో ఏదో చేతులు మారుతోందన్నమాట. ఆమెకి ఒళ్లు మండిపోయింది. ఆ రోజు నుంచి డౌటుగారు పడవల మీద కన్నేస్తే, ఆమె డౌటుగారి మీద కన్నేసింది.

"ఏంటమ్మా, నన్నలా చూస్తున్నారు?"

"ఏం లేదండీ."

"ఏం లేదనేవాళ్ల దగ్గరే ఏదో ఉంటుంది."

"నా అనుమానమూ అదేనండీ."

డౌటుగారు ఆమెని ఎగాదిగా చూశారు. ఆ చూపులో కాస్త మెప్పు కూడా ఉంది.

రేవులో ఆయనకి బద్ధశత్రువు పడవ నడిపే ఒక మొండి సరంగు. పడవ కట్టీ కట్టగానే బుట్టలు తనే బోర్లించి, "చూస్కో! కళ్లజోడు పెట్టుకుని మరీ చూస్కో!" అని అరిచే రకం. ఒక సాయంత్రం అందరి పడవలూ వచ్చాయి, అతనిది రాలేదు. గాలి పెరుగుతోంది. సరంగు కూతురు చేతులు నలుపుకుంటూ గట్టు మీద అటూ ఇటూ తిరుగుతోంది. డౌటుగారు ఆ పిల్ల వైపు చూడనైనా చూడకుండా వైర్‌లెస్ అందుకున్నారు.

"నాకు అనుమానంగా ఉంది! ఆ మొండాడు దూరం పోయి దొంగచాటుగా పిల్ల చేపలు పడుతున్నాడు. లాంచీ తియ్యండి!"

లా ఆఫీసరమ్మ చటుక్కున లేచింది. "నేనూ వస్తాను."

"మీరెందుకు?"

"నాకూ అనుమానంగా ఉంది."

లాంచీలో ఆమె నలుమూలలా వెతికింది. బేడీలు లేవు. లావుపాటి తాడు, దుప్పట్లు, పెద్ద ఫ్లాస్కు కనిపించాయి.

"ఈ తాడెందుకండీ?"

"దొంగని కట్టడానికి."

"ఇంత లావు తాడా?"

"దొంగ లావుగా ఉంటాడు."

"దుప్పట్లు?"

"సాక్ష్యాలు తడవకుండా."

"మరి టీ?"

డౌటుగారు ఫ్లాస్కు మూత బిగించారు. "విచారణ ఆలస్యమవుతుంది" అన్నారు.

చీకటి పడుతుండగా పడవ కనిపించింది. ఇంజను చచ్చిపోయి అలల మీద ఎటు పడితే అటు ఊగుతోంది. సరంగూ అతని మనుషులూ తడిసి ముద్దయి వణుకుతున్నారు.

"ఏవిరా పిల్ల చేపలు?" అని గర్జించారు డౌటుగారు.

"చేపల్లేవు, తోకల్లేవు! ఇంజను పోయింది!"

"నేన్నమ్మను. రేవుదాకా లాక్కుపోతాను. తాడు కట్టండి! దుప్పటి కప్పుకో, లేకపోతే వణుకుతూ అబద్ధాలు చెప్తావు."

"ఇది అన్యాయం!" అని అరుస్తూనే సరంగు టీ గ్లాసు అందుకున్నాడు.

లా ఆఫీసరమ్మకి చట్టం అక్షరం అక్షరం కంఠతా వచ్చు. ఆలస్యమైన పడవ కోసం లాంచీ పంపే వీలు అందులో ఎక్కడా లేదు. దానికి వేరే శాఖకి కబురు పెట్టాలి, వాళ్లు పైవాళ్లని అడగాలి, జవాబు తెల్లారాక వస్తుంది. నేరమైతే మాత్రం ఇన్‌స్పెక్టరుగారి అనుమానం చాలు.

ఆమె మెల్లగా ఆయన పక్కకి చేరింది. "మీకు పిల్ల చేపల మీద అనుమానం లేదు కదండీ?"

ఆయన సముద్రం వైపు తిరిగారు. "పడవ రాలేదంటే లాంచీ ఇవ్వరమ్మా. దొంగతనమంటే ఇస్తారు."

"మరి రోజూ అందరి మీదా అనుమానపడటం దేనికి?"

"అవసరమైన రోజునే అనుమానపడితే ఎవరు నమ్ముతారమ్మా? అలవాటుండాలి. పైగా ఆపి అడిగితే ఎవరొచ్చారో, ఎవరు రాలేదో తెలుస్తుంది."

ఆమెకి నవ్వొచ్చింది, వెంటనే సిగ్గేసింది. ఆ వెనకే ఇంకోటి తట్టింది. తను కొట్టెయ్యబోతున్నది సరిగ్గా ఈ నిబంధననే. అది పోతే ఇంకోసారి ఇలా పడవ రాకపోతే ఎవరు వెళ్తారు?

అయినా కొట్టేసింది. డౌటుగారి చేతిలో మంచిదైన అధికారం ఇంకొకరి చేతిలో పాడుపని చేస్తుంది. కానీ దాని చోట ఇంకొకటి రాసింది: వేళకి తిరిగిరాని ఏ పడవ కోసమైనా లాంచీ వెంటనే బయల్దేరాలి, ఎవరి అనుమానమూ అక్కర్లేదు.

"చేపల చట్టంలో మనుషుల గొడవేంటమ్మా?" అన్నారు హెడ్డాఫీసువాళ్లు.

"చేపల్ని కాపాడి, పట్టేవాళ్లని గాలికి వదిలెయ్యమని ఏ ప్రమాణంలోనూ లేదు సార్. ఉంటే చూపించండి, తీసేస్తాను."

వాళ్లు వెతికారు. దొరకలేదు. నిబంధన నిలిచింది.

డౌటుగారు దాన్ని తిరగేసి మరగేసి చదివారు. "ఇంత మంచి నిబంధన ఊరికే పెట్టరు" అని గొణిగారు గానీ, కళ్లజోడు తీసి చాలాసేపు తుడుచుకున్నారు.

కొత్త చట్టం అమల్లోకి వచ్చిన సాయంత్రం ఆయన గట్టు చివర ఊరికే కూర్చున్నారు. మొండి సరంగు బుట్ట తెచ్చి ఆయన ముందు దించాడు.

"చూడవా?"

"ఇప్పుడు ఆధారం ఉండాలి. పో."

"అంటే నా మీద అనుమానం లేదా?"

"లేదు."

సరంగు మొహం మాడిపోయింది. "ఇన్నాళ్లూ రోజూ తిట్టి, ఇవాళ పరాయివాణ్ణి చేస్తావా? నాకు తెలీదు, నువ్వు అనుమానపడాల్సిందే!"

అతని వెనక మిగతావాళ్లూ బుట్టలతో బారులు తీరారు. లా ఆఫీసరమ్మ కిటికీలోంచి చూస్తోంది. డౌటుగారు కళ్లు చికిలించారు.

"అడక్కుండానే ఇంతమంది వచ్చి నిలబడ్డారంటే ఏదో ఉంది" అంటూ లేచారు. "అడుగున ఏముందిరా?"

"ఐసు సార్."

"ఐసు కింద?"

"చెక్క."

"చెక్క కింద?"

రేవు రేవంతా ఒక్క గొంతుతో అరిచింది: "సముద్రం సార్!"